ఎనిమిదో రాయి

పోయిన వారం మనం పరీక్షల గది గుమ్మం దగ్గర ఆగిపోయాం. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని లోపలికి పోదాం.

ఈ గనిలో తవ్వేది ఫ్లోరైట్ రాయి. అందులో నాసిరకం ఉక్కు కార్ఖానాకు పోతుంది. కొలిమిలో వేస్తే కరిగిన ఇనుము మీది మడ్డిని పల్చబరుస్తుంది. మేలురకాన్ని పిండి చేసి, నురగ తొట్లలో తేల్చి, ఆసిడ్ కార్ఖానాకు పంపుతారు. నూటికో కోటికో నీళ్లంత తేటగా దొరికిన రాయి మాత్రం మైక్రోస్కోపుల అద్దాలకు పనికొస్తుంది. నలభై ఏళ్లుగా తవ్విన పాత చార, అంటే బండల మధ్య సాగే ఈ రాతి పొర, అడుగంటింది. మీ సరుకులో సున్నం ఎక్కువైందని ఆసిడ్ వాళ్లు ముఖం చాటేశారు. ఉక్కు వాళ్లొక్కరి కోసం గని నడవదు. ఇంతలో తూర్పు సొరంగంలో కొత్త చార తగిలింది. అందులోంచి ఎనిమిది రాళ్లు పైకి వచ్చాయో లేదో, వెనకాలే ఊట నీళ్లు ఎగదన్ని సొరంగం మునిగింది. తోడి మళ్లీ దిగాలంటే నెల పడుతుంది. అద్దాల కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి నెల ఆగడు, ఇవాళ సాయంత్రం నాలుగింటికి బండెక్కుతాడు. ఆలోగా ఆ ఎనిమిది రాళ్లూ పరీక్షించి చిన్న కెమిస్టు సంతకం పెట్టిన కాగితం ఆయన చేతిలో పడితే కొత్త ఒప్పందం, లేకపోతే గనికి తాళం. గనిని నమ్ముకుని రెండొందల ఇళ్లున్నాయి.

చిన్న కెమిస్టు అంటే ఆమె ఏమంత చిన్నది కాదు, ముప్పై ఆరు దాటాయి. అంతకు ముందు ఒక పెద్ద కెమిస్టు ఉండేవాడు కాబట్టి ఈమె చిన్నదయింది. ఆయన పోయి ఎనిమిదేళ్లయినా ఈమెకు ప్రమోషను రాలేదు. పేర్లు పెట్టడంలో ఈ గనివాళ్లకున్న హుషారు మార్చడంలో ఉండదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె సంచి సీలు విప్పి రాళ్లను బల్ల మీద వరసగా పేర్చింది. ఏడు రాళ్లు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఎనిమిదోది మాత్రం గోధుమరంగు బంకమన్ను అట్టకట్టి, ఉడికీ ఉడకని దుంపలా ఉంది. నిన్న వాటిని పైకి తెచ్చిన డ్రిల్లరు ఆమె బావే, అక్క మొగుడు. "కడిగే టైము లేదు మరదలా, మట్టితోనే పడేశా సంచిలో" అని ఫోనులో చెప్పాడు. మరి ఏడింటిని ఎవరు కడిగారు? నమూనాల గది తాళం నాన్న దగ్గరుంటుంది, సంచికి సీలు వేసేదీ నాన్నే. ఆయన చాదస్తం తెలిసిందే, కడిగి ఉంటాడు, ఎనిమిదోదాని దగ్గరికొచ్చేసరికి టీకి టైమయి ఉంటుంది అనుకుంది.

అద్దాల కంపెనీ వాళ్లిచ్చిన జాబితాలో పరీక్షలు ఆరు. వాటిని మొదలుపెట్టే ముందు ఆమెకొక అలవాటుంది, అది ఏ జాబితాలోనూ లేదు. కిటికీకి నల్ల తెర దించింది. కరెంటు పొయ్యి మీద ఇనప పెనం పెట్టి, అందులో బెత్తెడు ఇసుక పోసింది. రాయిని తిన్నగా పెనం మీద వేస్తే చిటపటమని పగిలి కళ్లలోకి ఎగురుతుంది, ఇసుకలో అయితే మెల్లగా వేడెక్కుతుంది. మొదటి రాయి అంచున చిన్న పెచ్చు కొట్టి ఇసుక మీద ఉంచి దీపం ఆర్పింది.

ఫ్లోరైట్‌లో ఒక వింత ఉంది. చీకట్లో వేడి చేస్తే ఎర్రబడేదాకా ఆగకుండా తనంతట తానే వెలుగుతుంది, ఒక్కో రాయి నీలంగా, ఒక్కోటి పచ్చగా. నిమిషమో రెండు నిమిషాలో, అంతే. తర్వాత ఎన్నిసార్లు కాల్చినా వెలగదు. భూమిలో లక్షల ఏళ్లు కూడబెట్టుకున్నదంతా ఆ ఒక్క వేడికి ఖర్చయిపోతుంది.

మొదటి పెచ్చు వెలగలేదు.

పొయ్యి వేడి చాలలేదేమో అనుకుని పెంచింది. రెండోది వెలగలేదు. మూడోది, నాలుగోది, ఐదోది. కొత్త చారలో ఏదో తేడా ఉందేమో అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆరోదీ చీకటే. ఏడోదాన్ని పెచ్చు కొట్టడానికి చేతిలోకి తీసుకున్నప్పుడు బొటనవేలికి రెండు కొనలు తగిలాయి. ఒక కొన పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో నొక్కు. దీపం వేసి చూడాల్సిన అవసరం లేకపోయింది.

పిల్లి చెవి. ఆ రాయికి ఆ పేరు పెట్టింది తనే, ఆరేళ్లప్పుడు.

సెలవు రోజు మధ్యాహ్నాలు నాన్న వంటింటి కిటికీ మూసి, అమ్మ అరుస్తున్నా వినకుండా పెనం మీద ఇసుక పోసేవాడు. అక్కకొక రాయి, తనకొక రాయి. చీకట్లో రాయి నీలంగా వెలుగుతుంటే అక్కచెల్లెళ్లిద్దరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. ఆరిపోయాక "మళ్లీ వెలిగించు నాన్నా" అని తను గోల చేసేది. "అయిపోయిందమ్మా. అది ఒక్కసారే. నువ్వు చూశావుగా, ఇక నీ దగ్గరే ఉంటుంది" అనేవాడు. వేడికి ఊదా రంగు విరిగిపోయి ఆ రాళ్లు మరింత తేటపడేవి. వాటిని పాత బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. ఆ డబ్బా ఇప్పటికీ ఇంట్లో బట్టల బీరువా మీద ఉంది. ఉందనే ఇప్పటిదాకా అనుకుంటోంది.

ఆమె పొయ్యి ఆపి, నమూనాల గదికి ఫోను చేసి, "నాన్నా, ఒకసారి వస్తావా" అంది.

ఆయన్ను గనిలో అందరూ కళ్ల మేస్త్రీ అంటారు. ముప్పై ఏళ్లు ఏరివేత షెడ్డుకు మేస్త్రీగా చేశాడు. బెల్టు మీద రాళ్లు పరుగెడుతుంటే నిలబడ్డచోటు నుంచే, "అది సున్నపురాయి, ఇది తెల్లరాయి, అదిగో ఆ మూడోది మనది" అని చెప్పేవాడు. ల్యాబులో నాలుగు గంటలు పట్టే లెక్కను ఆయన నాలుగు అడుగుల దూరం నుంచి తేల్చేసేవాడు. రిటైరయ్యాక ఊరికే ఉండలేక నమూనాల గదికి కాపలా తీసుకున్నాడు.

ఆయన గోడ పట్టుకుని, గుమ్మం దగ్గర కాలితో గడపను తడుముకుని లోపలికి వచ్చాడు. మోకాలి నొప్పి అని ఇంట్లో చెబుతుంటాడు.

"ఏంటమ్మా, పట్టపగలు ఈ చీకటేంటి?"

ఆమె తెర కొంచెం ఎత్తి దీపం వేసింది. "కూర్చో నాన్నా."

"కూర్చోబెట్టి చెప్పే మాటంటే మంచిదయ్యుండదు. నిలబడే వింటాలే."

ఆమె ఆయన అరచేతిలో రాయి పెట్టింది. ఆయన వేళ్లు దాని మీద ఒకసారి తిరిగి, నొక్కు దగ్గర ఆగాయి. ఎత్తి చూడలేదు. చూడకుండానే కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎలా పట్టుకున్నావు?" అన్నాడు.

"పెనం మీద వేశాను. ఆరు వెలగలేదు. ఏడోది నీ చేతిలో ఉంది."

"ఆ పరీక్ష వాళ్ల జాబితాలో లేదే! ఆరింటికీ తట్టుకుంటాయి ఆ రాళ్లు. జాబితా నేనూ చదివించుకున్నా..." అని ఆగి, "చదివా" అని దిద్దుకున్నాడు.

"జాబితాలో లేదు నాన్నా. మన ఇంట్లో ఉంది. నువ్వు నేర్పిందే."

కళ్ల మేస్త్రీ నవ్వాడు. పప్పులో కాలేసి ఆ సంగతి తనకే ముందుగా తెలిసిన మనిషి నవ్వే నవ్వు అది. "ఊళ్లో అందర్నీ లెక్కేసుకున్నా. మేనేజర్ని లెక్కేశా, ఆ అద్దాలాయన్ని లెక్కేశా. కన్న కూతుర్ని మర్చిపోయా చూడు. ఇవాళ ఒక్కరోజుకి నువ్వు ఇంకెవరి పిల్లవో అయితే బాగుండేది."

"నవ్వకు నాన్నా. నాకు నవ్వు రావడం లేదు."

నిజంగానే రావడం లేదు. ఆమెకు కోపం వచ్చింది. కోపంకన్నా ముందు అవమానం లాంటిదేదో వచ్చింది. తన చిన్నప్పటి మధ్యాహ్నాలన్నీ సంచిలో పోసి, సీలు వేసి, తన బల్ల మీదికే పంపాడు ఈయన.

"కింద సంతకం ఎవరిదో ఆలోచించావా? నాదే కదా. రేపు వాళ్లు మనుషుల్ని దించి తవ్విస్తే సున్నపురాయి పడుతుంది. అప్పుడు నన్నేమంటారు? అబద్ధం రాసిందంటారు. ఎనిమిదేళ్లలో ఈ గదిలోంచి ఒక్క తప్పుడు అంకె బయటికి పోలేదు."

"పడదు. తూర్పు చార మంచిది."

"మంచిదైతే దాని రాళ్లు ఎందుకు మార్చావు?"

"ముందర తగిలినవి బాగోలేవమ్మా. చారకి మొదట పొట్టుంటుంది. లోపలికి పోయే కొద్దీ తేటపడుతుంది, నాకు తెలుసు. కానీ అద్దాలాయనకి ఓపికేదీ? ఇవాళే చూపించమంటాడు. నీళ్లు తోడి మళ్లీ దిగేదాకా ఎవడైనా ఆగితే నాకీ పని దేనికి?" ఆయన గొంతు పెంచలేదు. ఇంట్లో సరుకులు నిండుకున్న సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "మీ బావకి నలభై ఐదేళ్లు. రాయి తొలచడం తప్ప ఇంకో పని రాదు. షెడ్డులో ఏరే ఆడవాళ్లు అరవై మంది. వాళ్లకి ఆ పని నేర్పింది నేనే. గని మూసేస్తే వాళ్ల మొహం ఎలా చూడను?"

"నా మొహం చూడగలవా?"

ఆయన రాయిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. బయట కాటా మీద ఏదో లారీ ఎక్కిన చప్పుడు, గుమాస్తా కేక వినిపించాయి.

ఆమె బల్ల వైపు తిరిగింది. ఆరు తేట రాళ్ల పక్కన ఆ బురద ముద్ద ఒంటరిగా ఉంది.

"మరి దీన్నెందుకు వదిలేశావు?"

"డబ్బాలో అంత తేటవి ఏడే దొరికాయి. ఎనిమిది రాళ్లని మీ బావ చీటీ రాసి కట్టాడు. లెక్క తగ్గితే బాగోదని అతను తెచ్చినవాటిలో ఒకటి ఉంచేశా. ఎనిమిదింటిలో ఒకటి పోయినా పర్వాలేదని అద్దాలాయనే అన్నాడుగా."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. తీసుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది. అంత చిన్న రాయికి అంత బరువు ఉండకూడదు. సున్నపురాయి అయితే అసలు ఉండదు. మళ్లీ ఎగరేసి పట్టుకుంది. సందేహం లేదు.

"నాన్నా, దీన్ని తూచి చూశావా?"

"ఏంటీ?"

"చేత్తో. సంచిలో ఉంచే ముందు చేత్తో తూచావా?"

ఏరివేత షెడ్డులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే: ముందు చెయ్యి, తర్వాత కన్ను. మట్టి పూసుకుంటే ఏ రాయైనా ఒక్కలాగే కనిపిస్తుంది, బరువు మాత్రం దాచుకోలేదు. ముందు చూసి తర్వాత పట్టుకున్నవాళ్లను ఇదే మేస్త్రీ పూటంతా పక్కన నిలబెట్టేవాడు.

"చూస్తే తెలియదా ఏంటి? కళ్లున్నాయిగా" అన్నాడాయన. ఆ మాట కాస్త గట్టిగా, కాస్త తొందరగా వచ్చింది.

ఆమె తండ్రి వైపు చూసింది. గోడ పట్టుకుని రావడం, గడపను తడమడం, 'చదివించుకున్నా' అని నాలిక కరుచుకోవడం ఒక్కొక్కటే వచ్చి మనసులో పక్కపక్కన నిలబడ్డాయి. సంచికి కట్టిన చీటీ విప్పి, వెనక్కి తిప్పి, ఆయన చేతికిచ్చింది.

"బావ దీని మీద ఇంకేదో రాశాడు, చదివి చెప్పు నాన్నా. నా కళ్లజోడు ఎక్కడో పెట్టా."

ఆయన చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, గొంతు సవరించుకున్నాడు. "ఏముందీ, తూర్పు సొరంగం, ఎనిమిది రాళ్లు, నిన్నటి తేదీ. అంతేగా."

"అది వెనక వైపు నాన్నా. అక్కడ ఏమీ రాసి లేదు."

ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి మోకాలి మీద ఉంచుకున్నాడు. ఆమెకు ఇందాకటి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఏడుపు వచ్చింది గానీ ఆపుకుంది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం కుడి కన్ను పొర కమ్మింది. ఎడమదానికి ఇప్పుడిప్పుడే. ఉదయంపూట కాస్త నయం. మధ్యాహ్నానికి అంతా పొగమంచే."

"అమ్మకి తెలుసా?"

"కప్పు అనుకుని పళ్లెంలో టీ పోసినప్పుడే తెలిసుంటుంది. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమాత్రం మర్యాద ఉండదా?"

"శుక్లం నాన్నా. అరగంట ఆపరేషను. పొర తీసేసి అద్దం పెడతారు."

"తెలుసు. కళ్ల మేస్త్రీకి కళ్లు పోయాయంటే గని గనంతా నవ్వుతుంది, అదీ తెలుసు." ఆయన తల వంచుకున్నాడు. "నాకున్నది ఆ ఒక్క పేరేనమ్మా. మీ తాత పెట్టిన పేరు ఎవడికి గుర్తుంది?"

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పుకోవాలి. ముసలివాళ్ల మొండితనాన్ని చూసి మనం విసుక్కుంటాం. కానీ జీవితమంతా ఒకే పని బాగా చేసి, ఆ పనితోనే పిలిపించుకున్న మనిషికి ఆ పని చేతకాకుండా పోవడం ఎంత కష్టమో చిన్న కెమిస్టుకు ఆ క్షణాన అర్థమైంది. అర్థమైనా తప్పు తప్పే. ఆ రెండూ ఆమె మనసులో చెరొక పక్కన కూర్చున్నాయి, ఒకటి రెండోదాన్ని లేవగొట్టలేదు.

ఆమె ఎనిమిదో రాయిని కుళాయి కింద పెట్టి బ్రష్షుతో రుద్దింది. బంకమన్ను పోయినా పైన ఇంకో పెంకు ఉంది, తుప్పు రంగులో, గరుకుగా. దాన్ని చూసి ఎవరూ మెచ్చుకోరు. రాయిని గుడ్డలో చుట్టి, వాలు చూసి ఉలి పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. ఫ్లోరైట్ విరగదు, విడిపోతుంది. చప్పుడు కూడా సరిగా రాలేదు. గుడ్డ విప్పితే రెండు ముక్కలు, నున్నటి వాలుతో.

లోపల రంగు లేదు. సున్నం చార లేదు, పగులు లేదు, బుడగ లేదు. ముక్కను చీటీల పుస్తకం మీద పెడితే కింది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. బిస్కెట్ల డబ్బాలోని ఏడు రాళ్లూ కలిసినా దీనికి సాటిరావు.

ఆమె పెచ్చు ఒకటి ఇసుకలో ఉంచి, పొయ్యి వెలిగించి, తెర దించేసి దీపం ఆర్పింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు తండ్రి చీకట్లోంచి.

"చూస్తూ ఉండు."

ఇసుక వేడెక్కడానికి టైము పట్టింది. ఆమె ఆరేళ్ల పిల్లలాగే ఊపిరి బిగబట్టింది. ముందు ఉందా లేదా అన్నట్టు ఒక చుక్క, తర్వాత ఒక మెరుగు. ఆ పైన వేలిగోరంత పెచ్చు నిండా వెలుగు పోసుకుని పెనం అంచులు కూడా కనిపించేంతగా మండింది.

"నీలం" అన్నాడు కళ్ల మేస్త్రీ. కుర్చీలోంచి లేచి, ముందుకు వంగి, ఆ వెలుగు వైపే ముఖం పెట్టి నిలబడ్డాడు. "కనిపిస్తోందమ్మా. అంచులు తెలియడం లేదు గానీ రంగు కనిపిస్తోంది. పాత చారలో ఇంత నీలం నేనెప్పుడూ చూడలేదు. ఏ డబ్బాలోది ఇది?"

"ఏ డబ్బాలోదీ కాదు. బావ తెచ్చింది. నువ్వు పనికిరాదని వదిలేసింది."

పెచ్చు రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. ఇద్దరూ చీకట్లో అలాగే నిలబడ్డారు. ఆమె దీపం వేసేసరికి ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. తను ఏం చేశాడో ఆయనకు అర్థమైంది. తను మార్చినవి మట్టిబెడ్డలు కావు. బండలు చూసి బంగారమనుకునేవాళ్లున్నారు, ఈయన బంగారాన్ని బండలనుకుని పారేశాడు.

"నాన్నా, ఒక్క రాయితో ఒప్పందం కుదరదు. ఎనిమిదిలో కనీసం ఏడు తేటగా ఉండాలని ఆయన షరతు. సొరంగం నీళ్లలో ఉంది. ఆ మిగతా ఏడు రాళ్లూ ఏం చేశావు?"

ఆయన కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"నాన్నా."

"ఉక్కు కార్ఖానాకి పంపే కుప్పలో పడేశా. పొద్దున పదింటికి, లారీలు నింపుతుంటే." ఆయన గోడ గడియారం వైపు చూశాడు, చూసి లాభం లేదని గుర్తొచ్చి కూతురి వైపు తిరిగాడు. "టైమెంత?"

రెండూ నలభై. ఆమె తెర లాగి పారేసి కిటికీలోంచి చూసింది. కాటా మీద ఒక లారీ ఉంది. పొద్దున నింపినవి రెండు.

"నువ్విక్కడే ఉండు, నేను వెళ్లొస్తా" అంటూ గుమ్మం వైపు నడిచింది.

"నన్ను తీసుకెళ్లు."

"నీకు కనిపించవుగా నాన్నా!"

"నీకు మాత్రం కనిపిస్తాయా? పెంకు తుప్పు రంగు, కుప్పంతా తుప్పు రంగే. పది టన్నుల్లో ఏడు రాళ్లు." ఆయన రెండు చేతులూ ముందుకు చాపాడు. ముప్పై ఏళ్లు రాళ్లు పట్టి గట్టిపడిపోయిన చేతులు. "ఉక్కు రాయిలో సున్నం ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది. నావి బరువు. పొద్దున చెయ్యాల్సిన పని ఇప్పుడు చేస్తా. పద."

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. గనిలో అందరూ చూసేలా, ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని ఆవరణ దాటడం అదే మొదటిసారి. షెడ్డు గుమ్మంలో నిలబడి ఇద్దరు ఆడవాళ్లు చూశారు. ఆయనకు ఆ చూపులు కనిపించి ఉండవు, తెలిసి మాత్రం ఉంటాయి. నడక ఆపలేదు.

కాటా గుమాస్తా చీటీ రాస్తూ తలెత్తాడు. "మొదటిది అరగంట కింద పోయింది చిన్న కెమిస్టు గారూ. రెండోది ఇదిగో, తూకం అయిపోయింది. గేటు దాటడమే."

"ఆపండి. దీన్లో మా నమూనా కలిసింది."

"మేనేజరు గారికి చెప్పాలి మరి..."

"చెప్పండి" అన్నాడు కళ్ల మేస్త్రీ. అప్పటికే ఆయన చక్రం మీద కాలు పెట్టి లారీ అంచు పట్టుకున్నాడు. డ్రైవరు కిందికి దిగి, ఏదో అనబోయి, ఆ వయసు చూసి అనలేక, భుజం ఇచ్చి పైకి ఎక్కించాడు. ఆమె వెనకాలే ఎక్కింది.

రాళ్ల మీద మోకాళ్లు వేసి కూర్చుని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఒక రాయి తీశాడు, తూచాడు, పక్కకు వేశాడు. ఇంకోటి. ఇంకోటి. తొందర లేదు, తడబాటు లేదు. షెడ్డులో ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు చూపించిన పనే అది. గుమాస్తా ఫోను దించి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పాతిక రాళ్లు పోయాయి. నలభై పోయాయి. ఆమె ఎన్నో లెక్కపెట్టడం మానేసింది.

ఆయన చెయ్యి ఆగింది. ఒక బురద ముద్దను రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు. కళ్లు తెరవకుండానే దాన్ని కూతురి వైపు చాపాడు.

"ఒకటి" అన్నాడు.

ఆమె అందుకుంది. అరచెయ్యి కిందికి దిగింది. అదే బరువు. ఇంకా ఆరు అని చెప్పబోయింది.

అప్పుడే కింద నుంచి మేనేజరు గొంతు వినిపించింది. ఆయన ఒక్కడే రాలేదు. పక్కన అద్దాల పెద్దమనిషి, చేతిలో పెట్టె, గంట ముందే ప్రయాణానికి సిద్ధమై నిలబడి ఉన్నాడు. సంచిలో భద్రంగా ఉండాల్సిన రాళ్ల కోసం లారీలో పడి వెతుకుతున్న ఇద్దర్నీ ఆయన ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు.

"మేస్త్రీ గారూ, మీరు సీలు వేసి ఇచ్చిన నమూనా ల్యాబులో ఉందిగా? మరి ఇక్కడ వెతుకుతున్నదేంటి?" అన్నాడు మేనేజరు.

సమాధానం చెప్పడానికి తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.